ముందు గడ్డి, తర్వాత మేక

తారాబాయి పొద్దుగాల లేచి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గేసి, తనను సాదిన ఐలవ్వకు చాయ కాచి ఇచ్చినంక బొమ్మల పీట ముందట కూసుంటది. హుజూరాబాద్‌ల మార్కెట్ రోడ్డు ఎనుక గల్లీ, రెండు అర్రల రేకుల ఇల్లు. తూర్పు దిక్కు కిటికీ కింద చాప, చాప మీద పీట, పక్కన రంగుల డబ్బలు, కుంచెలు తుడువటానికి ఐలవ్వ పాత చీర పేలిక. పది గంటలు దాటితే రేకుల వేడికి రంగు పీట మీదనే ఎండిపోతది. అందుకే ఏం గీసినా ఆలోపే.

ఆమె చిన్నపిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తది. ఇరవై ఏండ్ల సంది అదే పని. ఐదో తరగతి దాంకనే చదివింది గని పిల్లల పుస్తకంల ఉండే పెద్ద పెద్ద అక్షరాలు చదువటానికి ఆమెకు గంత చదువు సాలు.

ఆమె పనికి కొన్ని పద్ధతులున్నయి. మేకను గీయాలంటే ముందు గడ్డి గీయాలె. గడ్డి లేకుంట గీస్తే మేక ఒర్రుతది, అట్టల నడుమ పెట్టి తాడుతోని కట్టినా ఒర్రుడు ఆపదు. బర్రె కన్న ముందు కుడితి గోలెం. కోడి కన్న ముందు గంప. పులి అన్నిటికన్న కష్టం. కడుపు నిండిన పులినే గీయాలె, పొట్ట జర కిందికి జారినట్టు, కండ్లు సగం మూసుకున్నట్టు. లేకపోతే తెల్లారేవరకు పక్క పేజీల జింకలు ఉండయి.

అటు పక్కింటి కొమురవ్వ పాల చెంబు పట్టుకొని గడపల నిలబడి మాట్లాడుతది.

"ఏమే తారా, నిన్న నీ బర్రె ఒర్రి ఒర్రి సంపింది. దాని ఒర్రుడుకు నా బర్రె బెదిరి సగం పాలు ఎగ్గొట్టింది. కుడితి మరిసినవా ఏంది?"

"మరిసిన వదినె. పొద్దుగాల లేవంగనే గీసిన."

"గోలెం నిండ గియ్యి. పిసినారితనం చెయ్యకు. రంగునీళ్లేనాయె."

తారాబాయి నవ్వి తల వంచుకుంటది. ఆమెకు మనుషులతోని నాలుగు మాటల కన్న ఎక్కువ రావు. పెండ్లయిన ఏడాదికే అత్తగారింట్ల నుంచి తిరిగొచ్చింది. ఎందుకొచ్చినవని ఎవ్వలడిగినా చెప్పలే. ఐలవ్వ అయితే అడుగనే లేదు. అన్నం పెట్టింది.

పిల్లలను గీసేటప్పుడు ముందు తల్లి, తర్వాత పిల్ల. ఇది అన్నిటికన్న పెద్ద పద్ధతి. పొయ్యి కాడనో బాయి కాడనో తల్లిని గీసినంకనే పిల్ల మీదికి కుంచె పోవాలె. కాకపోతే తారాబాయి గీసే తల్లులందరు వీపులే. పొయ్యి దిక్కు తిరిగి, చేను దిక్కు తిరిగి ఉంటరు. కొప్పు, రవికె ముడి, నడుముకు చెక్కిన కొంగు కనవడతయి. మొకం కనవడదు. పిల్లలు ఆ వీపును చూసుకుంట ఆడుకుంటరు. ఏడ్వరు.

కరీంనగర్‌ల పుస్తకాలు అచ్చేసే జనార్దన్‌రావు సార్ ఇరవై ఏండ్లల్ల ఒక వందసార్లన్న అడిగి ఉంటడు.

"తారాబాయీ, గీ తల్లులు ఒక్కపారన్న ఇటు తిరుగుతరా అమ్మా?"

"తిరుగుతరు సార్," అంటది కొంగు చివర వేలికి సుట్టుకుంట. మల్ల పుస్తకంల సుత వీపే.

ఆమెకు ఎరుకైన తల్లి అంతే మరి.

తారాబాయి పత్తిల దొరికిన పిల్ల. ఆదిలాబాద్ దిక్కు నుంచి పత్తి లారీ ఒకటి జమ్మికుంట మార్కెట్‌కు వచ్చింది. హమాలీలు పత్తి గుంజుతుంటే నడుమ నుంచి మూడేండ్ల పిల్ల బయటవడ్డది. నెత్తి నిండ దూది, కనురెప్పల మీద దూది. కుప్పల పండుకున్నదాన్ని చూసుకోకుంట లారీల తొక్కి తెచ్చినట్టున్నరు. గాలి ఆడే సందు ఎక్కడుండెనో, బతికింది. పేరడిగితే తార అన్నది. ఊరడిగితే ఊరు అన్నది. హమాలి రాజలింగు ఆ పిల్లను భుజం మీద ఎక్కించుకొని, అప్పుడు జమ్మికుంటలనే ఉన్న ఇంటికి తెచ్చిండు. ఆయన భార్య ఐలవ్వ. నలుగురిని కని నలుగురిని మట్టిల పెట్టిన మనిషి. పిల్ల నెత్తిల దూది ఏరుకుంట ఆమె మూడు దినాలు ఎక్కడికి పోలేదు.

తారాబాయికి యాదికున్నది ఒక్కటే. ఎర్ర మట్టి చేను, తెల్లటి సాలు, ఆ సాలు పట్టుకొని పోతున్న ఒక వీపు. పత్తి ఏరేటోళ్లు నడుముకు కట్టుకునే గుడ్డ మూట, దాని బరువుకు ఒక దిక్కు వంగిన భుజం. ఆ వీపు ఎంతసేపు చూసినా ఇటు తిరుగలేదు. చూసుకుంట చూసుకుంట పిల్లకు నిద్ర వచ్చింది.

పోయిన చలికాలంల జనార్దన్‌రావు సార్ కొత్త కథ పంపిండు. రిటైరైన టీచర్ ఒకాయన రాసిండు. అంగట్ల తప్పిపోయిన పిల్ల కథ. మొదటి పేజీల పిల్ల ఒక్కతే నిలబడి ఉండాలె. ఆఖరి పేజీల తల్లి దొరకాలె. ఆఖరు మాట ఇట్లున్నది: 'అవ్వ మొకం చూసి పిల్ల నవ్వింది.'

తారాబాయి ఫోన్ చేసింది. ఆమె తనంతట తాను ఫోన్ చేసుడు అదే మొదలు.

"సార్, మొదటి పేజీల సుత మూలకు తల్లిని పెడుత. చిన్నగ. కనవడీ కనవడనట్టు."

"తల్లి కనవడితే ఇంక తప్పిపోవుడేందమ్మా? కథే ఉండదు గదా. పిల్ల ఒక్కతే ఉండాలె."

"పిల్ల ఏడుస్తది సార్."

"ఆఖర్ల తల్లి దొరుకుతుంది గదా. ఏం ఫికర్ చెయ్యకు."

నిజమే గదా అనుకున్నది తారాబాయి. ఇరవై ఏండ్లల్ల మొదటిసారి తల్లి లేకుంట పిల్లను గీసింది. చుట్టు కూరగాయల కుప్పలు, మనుషుల కాళ్లు, నడుమల పచ్చ గౌను పిల్ల. రంగు ఆరకముందే పిల్ల పెదవి వణికింది. ఆఖరి పేజీ దాంక ఓర్చుకో బిడ్డా అని మనసుల చెప్పుకుంట తొందర తొందరగ మిగిలిన పేజీలు గీసింది. ఆఖరి పేజీల తల్లిని గీసింది. చెయ్యి అలవాటు చొప్పున వీపు గీసింది. పిల్ల ఆ వీపు ఎనుక నిలబడి కొంగు పట్టుకున్నది. పట్టుకొని, మొకం చూద్దామని ఇటు వంగింది, అటు వంగింది. ఆ తర్వాత నోరు తెరిచి ఏడుపు ఎత్తుకున్నది.

ఆకలైతుందేమో అని చేతిల అరటిపండు గీసింది. ఎండ కొడుతుందేమో అని నెత్తి మీద గొడుగు గీసింది. పండు తినలే, గొడుగు కింద నిలబడి ఏడ్చింది. అచ్చుకు ఇచ్చే గడువు వచ్చింది. పంపింది.

వారం తర్వాత ప్రెస్సుల మిషన్ నడిపే కరుణాకర్ ఫోన్ చేసిండు.

"అక్కా, రెండు వేలు కొట్టినం. మిషన్ బందు పెట్టినా చప్పుడు బందైతలేదు. బండిల్ కట్టినంక సుత లోపల్నుంచి ఏడుపే."

"ఏమని ఏడుస్తుంది తమ్మీ?"

"ఏమో అక్కా. 'ఆయీ, ఆయీ' అంటుంది. నాకైతే అన్నం సయిస్తలేదు."

పుస్తకాలు రెండు జిల్లాల బడులకు పోయినయి. పది దినాలకు ఫోన్లు మొదలైనయి. ఒక బడిల పిల్లలు పుస్తకాన్ని చీర తొట్టెల ఏసి వంతులకు ఊపుతున్నరట. పాఠం ఏం నడుస్తలేదు. ఇంకో బడిల సారు దాన్ని మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాల నడుమ దాసిండట, వంట చేసే ఆడామె బియ్యం తియ్యబోయి ఆ ఏడుపుకు తనే ఏడ్చుకుంట కూసున్నదట. ఒక టీచరమ్మ మాత్రం గట్టిగనే మాట్లాడింది: "పిల్లను గీసిన మనిషికి తల్లిని గీయరాదా?"

మార్చిల ఒంటిపూట బడులు మొదలైనంక జనార్దన్‌రావు సార్ తనే హుజూరాబాద్‌కు వచ్చిండు. కుర్చీ లేకపోతే గడప మీదనే కూసున్నడు.

"అమ్మా, నిన్ను అనేది ఏం లేదు. తల్లి నవ్వుమొకం ఒక్కటి గీసియ్యి. చీటీల లెక్క అచ్చేసి అన్ని పుస్తకాల ఆఖరి పేజీల అంటిపిస్త. ఏప్రిల్ పదో తారీఖు దాంక చూస్త. అప్పటికి పిల్ల నిమ్మలం కాకుంటే మాత్రం, ఇగ పాత కాయితాల రద్దీకి ఇచ్చుడే."

"రద్దీకి ఇస్తే ఏం చేస్తరు సార్?"

"నీళ్లల్ల నానపెట్టి రుబ్బుతరు."

తారాబాయి కొంగు వేలికి సుట్టుకున్నది. రెండు వేల మంది పిల్లలను ఏడుస్తుండంగనే బస్తాలల్ల తొక్కి లారీ ఎక్కిస్తరు. ఆమెకు ముక్కు నిండ దూది వాసన వచ్చింది.

"ఇంకో మాట," సారు చెప్పులేసుకుంట అన్నడు. "జైనూర్ దిక్కు ఒక బడి ఉన్నది, ఆడ నుంచి ఒక్క ఫోన్ రాలే. పుస్తకం చేరనే లేదో ఏమో."

ఆ దినం నుంచి తారాబాయి మొకాలు వెతుక్కుంట తిరిగింది. అంగట్ల, బస్టాండ్ల, రేషన్ దుకాణం లైన్ల ఆడోళ్ల మొకాలు దొంగచాటుగ చూసి వచ్చి గీసింది. కొమురవ్వ మొకం గీసి, పుస్తకం ఆఖరి పేజీల వీపు మీద పెట్టింది. పిల్ల ఒక్కసారి చూసి మొకం తిప్పుకున్నది.

"నా మొకానికి ఏమైందే?" అని కొమురవ్వ రెండు దినాలు మాట్లాడలే.

అద్దం పెట్టుకొని తన మొకం గీసింది. పిల్ల దాన్ని చూసి ఇంకింత భయపడ్డట్టు ఏడ్చింది.

ఇదంత ఐలవ్వ అరుగు మీద కూసోని చూస్తుంది. డెబ్బై దాటిన మనిషి. ప్రెస్సు నుంచి వచ్చిన పుస్తకం ఇంట్ల తెరిచిన దినం, ఆ 'ఆయీ' అనే మాట చెవిల పడ్డ దినం నుంచి ఆమె తిండి సగమైంది. ఒకనాడు లేచి, మొకం కడుక్కొని, బొట్టు పెట్టుకొని వచ్చి పీట ముందట కూసున్నది.

"నా మొకం గియ్యి బిడ్డా."

"నువ్వు ఎండల కూసోలేవు అవ్వా."

"కూసుంట. గియ్యి."

తారాబాయి ఆ మొకాన్ని చూడకుంటనే గీయగలుగుతది. బుగ్గ మీది ముడుతలు, ఊడిన పన్ను సందు, పక్కకు ఒరిగిన ముక్కుపుడక. పిల్ల తలెత్తి ఐలవ్వను చూసింది. ఏడుపు తగ్గింది. చెయ్యి సాపి కొంగు పట్టుకున్నది. పిల్ల ఐలవ్వ కొంగు ఇడువకుంటనే, ఆమె భుజం పక్క నుంచి ఎనుకకు తొంగి చూసింది. ఇంకెవరన్న వస్తున్నరేమో అన్నట్టు. మల్ల ఏడ్చింది. ఈసారి చిన్నగ, లోపల్లోపల.

"నలభై రెండేండ్లు సాదిన," అన్నది ఐలవ్వ. "బొమ్మల పిల్ల కంటికి నేను ఆనలే."

"గట్ల కాదవ్వా..."

"అది సరిగనే చూసింది తీయ్," అని గోడ పట్టుకొని లేచి పోయింది.

తెల్లారి ఇద్దరు వాకిట్ల చింతపండు ముందేసుకొని కూసున్నరు. ఐలవ్వ చింతకాయను రాయి మీద పెట్టి కొడుతుంది, తారాబాయి గింజ తీస్తుంది. లోపల అర్రల నుంచి పిల్ల ఏడుపు సన్నగ వినవడుతుంది. ఐలవ్వ రాయి ఆపింది.

"తారా. నువ్వు సుత గట్లనే ఏడ్సినవు. పదిహేను దినాలు. ఆయీ ఆయీ అనుకుంట. మీ దిక్కు అవ్వను గట్లనే పిలుస్తరు."

"చెప్పినవు గదా అవ్వా."

"చెప్పనిది ఒకటున్నది. చెప్పినంక నన్ను ఇంట్ల నుంచి ఎల్లగొట్టినా సరే."

"ఏం మాటలవి?"

"మీ అవ్వ వచ్చింది."

తారాబాయి చేతిల గింజ చేతిలనే ఉండిపోయింది.

"పదహారో దినం వచ్చింది. ఏ లారీ ఎటు పోయిందో అడుక్కుంట అడుక్కుంట వచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. చంకల ఇంకో పిల్లగాడు, చిన్నోడు. మార్కెట్ గేటు కాడ వచ్చేటోళ్లను పోయేటోళ్లను ఆపి అడుగుతుంది. నన్ను సుత అడిగింది. 'అక్కా, మూడేండ్ల పిల్ల, పత్తిల పండుకున్నది, చూసినవా?' అన్నది."

లోపల పిల్ల ఒక్కసారి ఎక్కిళ్లు పెట్టి మల్ల మొదలువెట్టింది.

"నువ్వేమన్నవు?"

"చూడలే అన్న."

కొమురవ్వ బర్రె గొలుసు చప్పుడైంది. ఎవ్వలో సైకిల్ మీద పోయిన్రు.

"నువ్వప్పుడు ఇంట్ల ఉన్నవు. బయట గొళ్లెం పెట్టి పోయిన. గేటు కాడ ఇంకెవ్వలు ఆమెకు చెప్తరో అని, నేనే చెయ్యి పట్టుకొని తీసుకపోయి వరంగల్ బస్సు ఎక్కిచ్చిన. ఆ దిక్కు లారీలు బాగ పోతయని చెప్పిన. నన్ను మంచిదాన్ననుకున్నది. దండం పెట్టింది బిడ్డా నాకు. మీ బాపుకు సుత చెప్పలే. ఆయన సచ్చేదాంక ఆయనకు ఎరుకలేదు."

తారాబాయి గింజను గింజల్ల ఏసింది. చేతులు కడుక్కొని లోపలికి పోయింది. పీట ముందట కూసున్నది గని కుంచె ముట్టలే.

మూడు దినాలు ఇంట్ల మాటలు లేవు. పొద్దుగాల "చాయ" అని గ్లాసు ముందట పెడుతది, అంతే. ఐలవ్వ తన చీరలు రెండు మూటకట్టి తలుపు మూలకు పెట్టుకున్నది. తారాబాయి ఊడుసుకుంట ఊడుసుకుంట ఆ మూటను చూసింది. దాని చుట్టు ఊడ్సింది, జరుపలే. ఆమెకు ఒర్రుడు రాదు. కోపం వచ్చినా ఏడుపు వచ్చినా రంగుల డబ్బల మూతలు తీసి పెట్టుడు, మల్ల పెట్టుడు, అదే వచ్చు. ఎవ్వల మీద కోపం చెయ్యాలెనో ఆమెకు తెలుస్తలేదు. చెప్పుల్లేని కాళ్లు కండ్లల్ల తిరుగుతున్నయి. నెత్తిల దూది ఏరిన వేళ్లు సుత తిరుగుతున్నయి.

నాలుగో దినం ఏప్రిల్ నాలుగు. ఇగ ఆరు దినాలున్నయి. తారాబాయి మూటను విప్పి చీరలు దండెం మీద ఏసి, వచ్చి అరుగు కాడ నిలబడ్డది.

"ఎట్లుండె?"

"ఏంది?"

"మొకం."

ఐలవ్వ కండ్లు మూసుకున్నది. "నలభై రెండేండ్ల సంది కండ్లు మూస్తె గా మొకమే తారా. రా, చెప్త."

ఆ పొద్దు రేకులు కాగినా ఇద్దరు లేవలే. ఐలవ్వ చెప్తుంటే తారాబాయి పెన్సిల్ కదిలింది.

"గదుమ మీద పచ్చబొట్టు. మూడు చుక్కలు. ఒక్కటి జర పక్కకు."

"గిట్లనా?"

"ఇంకింత కిందికి. ఆఁ. ఎడమ కనుబొమ్మ నడుమల తెగి ఉంటది, చిన్నప్పుడు దెబ్బ తగిలిందేమో. ముక్కు గంత పెద్దగ లేదు, తుడువు. పెదవులు పగిలినయి. నెత్తి దువ్వుకోలే. చెవి కాడ ఎంట్రుకలల్ల దూది ఉన్నది. ఎన్ని దినాలైనా దులుపుకోలే ఆమె."

"కండ్లు?"

"నేను లేదన్నంక సుత నా మొకం దిక్కే చూసింది. నమ్మినట్టు."

తారాబాయి గీసింది, తుడిచింది, గీసింది. కథల నవ్వుమొకం కావాలెనని సారు చెప్పిండు. ఆమెతోని నవ్వు గీయరాలే. ఉన్నది ఉన్నట్టే గీసింది. రెండు గంటలకు ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"గీమెనే."

పచ్చ గౌను పిల్ల తలెత్తి చూసింది. ఏడుపు నడుమల తెగింది. ఒక్క అడుగు ముందుకేసి ఆమె కాళ్లకు సుట్టుకున్నది. మొకం చీర కుచ్చిళ్లల్ల దాసుకున్నది. ఆ తర్వాత చప్పుడు లేదు. నవ్వు సుత లేదు. నిద్రవోయిన పిల్లల ఊపిరి లెక్క ఒక చిన్న సప్పుడు మాత్రం ఉన్నది.

కొమురవ్వ పాల చెంబుతోని ఉరికొచ్చింది. "ఏందే, ఏడుపు ఆగింది? ఏమైంది పిల్లకు?"

"పండుకున్నది వదినె," అన్నది తారాబాయి.

చీటీలు అచ్చయినయి. పదో తారీఖుకు ఒక దినం ముందే అన్ని బడులకు చేరినయి. టీచర్లు జిగురు పెట్టి అంటిచ్చిన్రు. అంటిచ్చిన పుస్తకం అంటిచ్చినట్టు నిమ్మలమైంది. జనార్దన్‌రావు సార్ ఫోన్ చేసి, "తల్లి నవ్వకపాయె, గని పిల్ల పండుకున్నది. అదే సాలు," అన్నడు.

రెండు దినాలకు ఇంకో ఫోన్ వచ్చింది. కొత్త నంబరు. తారాబాయి కొత్త నంబర్లు ఎత్తదు. మూడోసారి మోగితే ఐలవ్వ ఎత్తి ఆమె చెవి కాడ పెట్టింది.

"నమస్తే మేడం. నేను సంతోష్‌రావు, జైనూర్ దిక్కు బడిల టీచర్ని. బొమ్మలు గీసింది మీరే గదా?"

"ఆఁ."

"మీ చీటీ వచ్చింది మేడం. మాకైతే దాంతోని పనే లేకుండె. మా పుస్తకం మొదటి దినం ఒక్కపూటనే ఏడ్చింది. మా ఊర్ల రుక్మాబాయి అని ముసలామె ఉన్నది. మనవని కోసం బడికొచ్చి ఆ ఏడుపు విన్నది. 'పిల్లను గట్ల ఏడిపిస్తరా సారూ' అని నన్ను తిట్టి, పుస్తకాన్ని ఒడిల పెట్టుకున్నది. అంతే, ఊకున్నది. అప్పటి నుంచి రోజు పొద్దుగాల వస్తది, బడి ఇడిసేదాంక ఒడిలనే పెట్టుకుంటది. పిల్లలు ఆమె సుట్టు కూసోని చదువుకుంటరు."

తారాబాయి ఫోన్‌ను రెండు చేతులతోని పట్టుకున్నది.

"నిన్న చీటీ చూసి మా పిల్లలు ఒకటే లొల్లి. రుక్మాబాయి చిన్నప్పటి మొకమట. నేను సుత చూసిన మేడం. గదుమ మీద మూడు చుక్కలు, తెగిన కనుబొమ్మ. ఆమెకు కండ్లు సరిగ ఆనవు, చీటీ చూపిస్తే తడిమి చూసి ఇచ్చేసింది. మీరు ఆమెను ఎక్కడ చూసిన్రు?"

తారాబాయి ఫోన్‌ను చాప మీద బోర్ల పెట్టింది. లోపల్నుంచి "హలో, హలో మేడం" అని వినవడ్డది. ఆ తర్వాత ఆగింది.

ఐలవ్వ అంత విన్నది. "పో బిడ్డా. రేపే పో."

"నువ్వు రా."

"నేను ఏ మొకం పెట్టుకొని రావాలె?"

"నాకు మాట రాదవ్వా. ఆడిదాంక పోయినంక గేటు కాడ నిలబడిపోత. నీకెరుకలేదా నా సంగతి."

ఐలవ్వ గడప పట్టుకొని చెప్పులు వెతుక్కున్నది.

తొలి బస్సుకు కరీంనగర్ పోయి, అక్కడ నుంచి ఉట్నూర్ బస్సు ఎక్కిన్రు. జన్నారం దాటినంక రోడ్డుకు రెండు దిక్కుల టేకు చెట్లు, రాలిన ఆకులు. ఐలవ్వకు వాంతులైనయి. తారాబాయి ఆమె నెత్తిని తన ఒడిల పెట్టుకొని కొంగుతోని విసిరింది. ఉట్నూర్‌ల జీపు మారిన్రు. ఏరిన చేలల్ల పత్తి కట్టెలు ఎండి నిలబడ్డయి. కొన్నిటికి ఇంకా దూది పోగులు అంటుకొని గాలికి ఊగుతున్నయి. తారాబాయి కిటికీల నుంచి మొకం తిప్పుకోలే.

బడి చేరేవరకు పన్నెండు కావొచ్చింది. సంతోష్‌రావు సార్ ఎదురొచ్చిండు. ఆయన అంత పెద్ద మనిషేం కాదు, చెమటకు అంగి వీపుకు అతుక్కున్నది. ఎవరు ఏంది అని అడుగవోయి, తారాబాయి మొకం చూసి ఆగిండు. ఆమె గదుమ దిక్కు, కండ్ల దిక్కు చూసిండు. పక్కకు జరిగి వరండా దిక్కు చెయ్యి చూపిచ్చిండు.

ముసలామె గేటు దిక్కు వీపు పెట్టి కూసున్నది. ఒడిల పుస్తకం, ముందట ఏడెనిమిది మంది పిల్లలు కూడబలుక్కుంట చదువుతున్నరు. తెల్ల కొప్పు. మెడ కింద రవికె ముడి. నడుముకు చెక్కిన కొంగు. కుడి భుజం జర కిందికి వంగి ఉన్నది, లేని మూట ఏదో ఇంకా దాన్ని గుంజుతున్నట్టు.

తారాబాయి ఆ వీపును ఇరవై ఏండ్ల సంది గీస్తుంది. ఒక్క గీత తప్పు పోలే.

ఆమె కాళ్లు గేటు కాడనే ఆగిపోయినయి. చెయ్యి పక్కకు పోయి ఐలవ్వ చెయ్యిని పట్టుకున్నది, చిన్నప్పుడు అంగట్ల పట్టుకున్నట్టు, వేళ్లు నొప్పివెట్టేటంత గట్టిగ. పిలువాలెనని నోరు తెరిచింది. ఏమని పిలువాలె? నలభై రెండేండ్ల కింద మరిచిన 'ఆయీ' అనే మాట బయటికి రాలే.

ఐలవ్వ కొంచెంసేపు ఆ చెయ్యిని పట్టుకొనే ఉన్నది. తర్వాత ఒక్కొక్క వేలు విప్పి, చెయ్యి ఇడిసింది. ఎండల ముందుకు నడిచింది. వరండా మెట్టు కాడ ఆగింది. పిల్లలు చదువుడు ఆపిన్రు.

"అక్కా," అన్నది ఐలవ్వ. "నువ్వు జమ్మికుంట గేటు కాడ నన్నొక మాట అడిగినవు."

ముసలామె వీపు కదల్లే. పుస్తకం మీద చెయ్యి మాత్రం ఆగింది.

"మూడేండ్ల పిల్ల, పత్తిల పండుకున్నది, చూసినవా అని." ఐలవ్వ తిరిగి గేటు దిక్కు చెయ్యి చూపిచ్చింది. "చూసిన అక్కా. చూసిన. గిదిగో, ఎంబడి తోలుకొచ్చిన."

ఒడిల పుస్తకాన్ని రుక్మాబాయి రెండు చేతులతోని పైలంగ పక్కకు పెట్టింది, నిద్రవోయిన పిల్లను చాప మీద పండవెట్టినట్టు.

మెల్లగ ఆ వీపు ఇటు తిరుగవట్టింది.